ఒకటో నంబరు అట్ట

మా వదిన నన్ను చివరిసారిగా "ఒరేయ్" అని పిలిచి ఆరేళ్ళయింది. ఇది కూడా లెక్కపెట్టుకునే విషయమేనా అని ఎవరైనా నవ్వితే నవ్వొచ్చు. నలభై ఆరేళ్ళ పళ్ళ డాక్టర్ని. బయట బోర్డు మీద నా పేరుకి వెనక పేరుకంటే పొడుగ్గా డిగ్రీలున్నాయి. అలాంటివాణ్ణి ఒక మనిషి నోట "రా" అనిపించుకోవాలని ఆరేళ్ళుగా మొహం వాచి ఉన్నానంటే ముందు నాకే నవ్వొస్తుంది.

వదిన మా ఇంటికి వచ్చేనాటికి నాకు ఆరేళ్ళు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. వదిన వచ్చిన వారానికే నా ముందు పన్ను ఊగడం మొదలైంది. నాన్నకి చూపిస్తే పటకారు తెస్తానన్నాడు. అన్నయ్యకి చూపిస్తే తలుపుకి దారం కడతానన్నాడు. ఇద్దరికీ దొరక్కుండా మంచం కింద దూరాను. వదిన వంగి చూసి, బయటికి రమ్మని, వంటింటి గడప మీద కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుని వచ్చింది.

"కళ్ళు మూసుకోరా. మూడు లెక్కపెట్టాకే లాగుతా. అప్పటిదాకా ఊరికే పట్టుకుంటానంతే."

ఒకటి అంది. రెండు అంది. పన్ను ఆమె అరచేతిలో ఉంది. మూడు అననేలేదు. నోరంతా నెత్తురు పెట్టుకుని, "మూడన్నావు కదా, దొంగ వదినా" అని శోకాలు పెట్టాను. ఆమె తన చేత్తోనే నా మూతి తుడిచి, "మూడు దాకా ఆగితే బిగుసుకుపోతావురా వెర్రివాడా, రెండు దగ్గర ఇంకా టైముంది కదా అనుకుంటావు" అంది. ఆ తర్వాత పంతొమ్మిది పాలపళ్ళు తీసింది. ప్రతిసారీ మూడంటుంది, ప్రతిసారీ రెండుకే లాగుతుంది, ప్రతిసారీ నేను నమ్ముతాను. ఊడిన పళ్ళన్నీ అగ్గిపెట్టెలో దాచుకుని రోజూ లెక్క చూసుకునేవాణ్ణి. "వీడు పళ్ళ డాక్టరే అవుతాడు, అప్పుడు నా నోరు వీడికే అప్పజెప్తా" అనేది అందరితో.

అయ్యాను. అప్పజెప్పింది కూడా. క్లినిక్ తెరిచిన రోజున కుర్చీలో మొదట కూర్చున్నది ఆమే. ఆమె కుట్టుపని చేస్తుంది. దారాన్ని పంటితో కొరికి తెంపే అలవాటు వల్ల పై ముందు పన్నుకి చిన్న నొక్కు పడింది. కుట్టుపనివాళ్ళ నోళ్ళలో ఆ నొక్కు మామూలే. "కత్తెర ఎందుకు కొన్నావు వదినా, గోడకి తగిలించుకోవడానికా?" అని తిట్టాను. "నీకు పని ఉండాలి కదరా" అంది.

ఎనిమిదేళ్ళ కిందట అన్నయ్య పోయాడు. ఏ జబ్బుతో పోయాడో చివరి నెలలో గానీ మాకు తెలియలేదు. హెచ్ఐవి. అది అతనికి ఎలా వచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. వదిన అడిగిందో లేదో నాకు తెలియదు. ఆమెకి పరీక్ష చేయిస్తే ఆమెకీ ఉందని తేలింది. రిపోర్టు చూసి ఆమె ఏడవలేదు. మందులు ఏ వేళకి వేసుకోవాలో మిషను పక్కన గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, ఒక రోజు పొద్దున పదకొండింటికి, నా క్లినిక్‌కి వచ్చింది. ఎడమవైపు కింది దవడ పన్నులో చిన్న పుచ్చు. అరగంట పని. బయట బెంచీల నిండా జనం. మా సిస్టరమ్మ అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ ఫారం ఇచ్చింది. సిస్టరమ్మ అంటే నర్సు, నాకంటే పదేళ్ళు పెద్దది, క్లినిక్‌లో అసలు పెత్తనం ఆవిడదే. ఆ ఫారంలో, మీకు ఏమైనా జబ్బులున్నాయా అన్నచోట, వదిన తన గుండ్రటి చేతిరాతతో ఉన్నది ఉన్నట్టు రాసింది.

సిస్టరమ్మ అది చదివి నా వైపు చూసింది. నేను బెంచీల వైపు చూశాను. ఆ తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "వదినా, నువ్వు చివర్లో రా. తీరిగ్గా చూస్తాను."

తీరిక ఒట్టి మాట. మా పళ్ళ డాక్టర్లలో చాలామందికి ఉన్న అలవాటు అది. ఇలాంటి పేషెంటు వస్తే ఆఖరి నంబరు ఇస్తాం, వాళ్ళు వెళ్ళాక గదంతా కడుగుతాం. నాకూ అదే అలవాటు. పేరు కూడా పెట్టుకున్నాం, "చివరి నంబరు" అని. సిస్టరమ్మ "సార్, ఇవాళ ఒక చివరి నంబరుంది" అంటే చాలు, నాకు అర్థమైపోతుంది. ఆ రోజు మా వదిన చివరి నంబరు.

"చివరంటే ఎన్నింటికిరా?" అంది. ఆరింటికి అన్నాను. ఆ బెంచీ చివర్న ఆరు దాకా కూర్చుంది. ఆ "ఎన్నింటికిరా" అన్నదే ఆఖరి "రా".

ఆరింటికి లోపలికి వచ్చింది. సిస్టరమ్మ కుర్చీకి ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంచింది, దీపం పిడికి తొడిగింది, కుళాయికి కూడా తొడిగింది. నేను గ్లౌజుల మీద గ్లౌజులు వేసుకున్నాను. అలమరలోంచి ఎర్ర మూత డబ్బా తీశాం, ఇలాంటివాళ్ళకని వేరుగా పెట్టిన పనిముట్లు అందులో ఉంటాయి. వదిన గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ చూసింది. నా చేతుల వైపు చాలాసేపు చూసింది. నా నోట్లో వేళ్ళు పెట్టి ఇరవై పళ్ళు తీసిన మనిషి.

"ఇంత శ్రమ ఎందుకు డాక్టరుగారూ? మీకు ఇంటికి ఆలస్యమవుతుంది" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

గట్టిగా కొట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి నేను ఆమెకి డాక్టరుగారిని. ఫోన్ చేస్తే "చెప్పండి" అంటుంది. ఇంటికి వెళితే "కూర్చోండి" అని కుర్చీ తుడుస్తుంది. తిట్టదు, అలగదు, నా పిల్లలకి బట్టలు కుట్టి పంపుతుంది. ఆ "అండీ" ఒక్కటి మా మధ్య గోడలా నిలబడింది. ఎక్కేందుకు మెట్టు లేదు, తట్టేందుకు తలుపు లేదు. కుట్టుపనివాళ్ళెవరైనా వచ్చి నోరు తెరిస్తే, పై పంటికి ఆ నొక్కు కనిపిస్తే, ఆ రోజంతా నా పని పాడు.

ఆ మధ్య ఒక డాక్టరమ్మ సర్వే కోసం వచ్చింది. పళ్ళ కాలేజీలో పాఠాలు చెబుతుందట. హెచ్ఐవి ఉన్న పేషెంట్ల గురించి పళ్ళ డాక్టర్లకి ఎంత తెలుసు, ఏమనుకుంటారు, ఎలాంటి జాగ్రత్తలు తీసుకుంటారు అని ఇరవై ప్రశ్నల కాగితం నా ముందు పెట్టింది. పరీక్షల్లో నేనెప్పుడూ వెనకబడలేదు. లాలాజలంతో వస్తుందా? రాదు. సూది గుచ్చుకుంటే ఏం చేయాలి? వెంటనే సబ్బూ నీళ్ళతో కడగాలి, గంటల్లోనే మందు మొదలుపెట్టాలి. పనిముట్లకి ఆటోక్లేవ్, అంటే ఆవిరిలో ఉడికించే యంత్రం, సరిపోతుందా? సరిపోతుంది. ఎవరికి ఏ జబ్బుందో తెలియదు కనుక అందరి దగ్గరా ఒకే జాగ్రత్త తీసుకోవాలా? తీసుకోవాలి. టకటకా గీతలు పెట్టుకుంటూ పోయాను. పదిహేడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. "ఇలాంటి పేషెంట్లకి మీరు వేరే సమయం కేటాయిస్తారా?"

అవునని పెడితే నిజం. కాదని పెడితే మంచివాణ్ణి. తేలు కుట్టిన దొంగలా దాన్ని దాటేసి పద్దెనిమిదికి వెళ్ళాను.

డాక్టరమ్మ కాగితం చూసి, "తెలియాల్సినవన్నీ మీకు తెలుసు సార్. ఇదొక్కటి వదిలేశారు" అంది.

"చూసుకోలేదమ్మా" అన్నాను.

"ఫర్వాలేదు సార్. చాలామంది దీన్నే చూసుకోరు" అంది. వెటకారమో కాదో తెలియలేదు. లేస్తూ అలమర వైపు చూసి, "ఆ ఎర్ర మూత డబ్బా ఏంటి?" అని అడిగింది.

"అది వేరేవాళ్ళకమ్మా. దాన్ని రెండుసార్లు ఉడికిస్తాం" అంది సిస్టరమ్మ గర్వంగా.

"అయితే మిగతావి ఒక్కసారే ఉడికితే శుభ్రం కావా?"

"ఎందుకు కావు?" అంది సిస్టరమ్మ, దెబ్బ తగిలినట్టు. "నా చేత్తో పెడతాను, బ్రహ్మాండంగా అవుతాయి."

"మరి ఇది రెండుసార్లు ఎందుకు?"

సిస్టరమ్మ నా వైపు చూసింది. ఈసారి చూడ్డానికి బెంచీల మీద ఎవరూ లేరు.

డాక్టరమ్మ వెళ్ళాక అలమర తెరిచి ఆ ఎర్ర మూత డబ్బా తీసి చూశాను. పొద్దున పదింటికి వచ్చేవాళ్ళలో ఎవరికి ఏముందో నాకేం తెలుసు? వాళ్ళకే తెలియకపోవచ్చు, తెలిసినా దాచొచ్చు. వాళ్ళకి కవర్లు తొడగలేదు, వాళ్ళు వెళ్ళాక గది కడగలేదు. నిజం రాసిన మనిషిని మాత్రం ఆరింటిదాకా కూర్చోబెట్టాను. నేను ఇన్నేళ్ళూ శిక్ష వేస్తున్నది జబ్బుకి కాదు, నిజం చెప్పినందుకు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు నా తెల్ల కోటుకి ఒక గుండీ తెంపుకుని వదిన కొట్టుకి వెళ్ళాను. బస్టాపు వెనక సందులో ఇరుకు గది అది. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, బిగువైనవి వదులు చేయడం, ఇవీ ఆమె పనులు.

"రండి డాక్టరుగారూ. ఏం కుట్టాలి?" అంది.

గుండీ చూపించాను. తెగిన దారం అంచు చూసి, "దీన్నెవరో కావాలని తెంపారు" అంది. గుండీ కుట్టి, దారాన్ని కత్తెరతో కత్తిరించింది. పంటితో కొరకలేదు.

"పంటి నొప్పా వదినా?"

"ఎడమవైపు. మాత్ర వేసుకుంటే సర్దుకుంటుంది లెండి."

"ఈ ఆరేళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"కుడివైపుది చూపించాను, ఆ చివర వీధిలో. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం." సూది దిండుకి గుచ్చింది. "అక్కడ ఫారంలో ఏ జబ్బూ లేదని రాశాను. పదకొండింటికి వెళ్ళాను, పదకొండుంపావుకి కుర్చీలో కూర్చోబెట్టారు. మంచి డాక్టరు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే పద్ధతి, ఒకటే జత గ్లౌజులు. ఆయనకి నిజం చెప్పినా బహుశా అలాగే చూసేవాడేమో. చెప్పే ధైర్యం రాలేదు నాకు." కోటు మడత పెట్టి నా చేతికిచ్చింది. "నిజం రాసింది ఒక్క మీ దగ్గరే. మీ దగ్గరైతే ఏం ఫర్వాలేదనుకున్నాను."

నేను నేల చూపులు చూస్తూ, "తప్పు చేశాను వదినా. భయపడ్డాను. నువ్వంటే కాదు, బెంచీల మీదివాళ్ళు లేచిపోతారని" అన్నాను.

"సరే లెండి. మీ వృత్తి మీది."

మా క్లినిక్‌లో నంబర్లు అట్టముక్కల మీద రాసి మేకుకి తగిలిస్తాం. ముందొచ్చినవాళ్ళు ముందు నంబరు తీసుకుని కూర్చుంటారు. ఆ రోజు వెళ్ళేటప్పుడు ఒకటో నంబరు అట్ట జేబులో వేసుకుని వెళ్ళాను. దాన్ని మిషను మీద పెట్టాను.

"ఇది నీది. పొద్దున పదింటికి. ఎప్పుడొచ్చినా పదింటికే. ఇది ఇంకెవరికీ ఇవ్వను."

ఆమె ఆ అట్టని చూసింది గానీ ముట్టుకోలేదు. "పని ఎక్కువగా ఉందండీ" అంది.

మర్నాటి నుంచి మా క్లినిక్‌లో నంబర్లు రెండు నుంచి మొదలయ్యాయి. సిస్టరమ్మ మూడు రోజులు సణిగింది. "ఒకటి ఏదీ?" అని జనం అడిగితే, "డాక్టరుగారు మింగేశారు" అని చెప్పింది. పనిలో మాత్రం లోటు చేయలేదు. ఎర్ర మూత డబ్బాలోని పనిముట్లు తీసి మిగతా వాటిలో కలిపేసింది. కుర్చీకి, దీపం పిడికి, కుళాయికి కవరు ఇప్పుడు అందరికీ తొడుగుతోంది, ఒక్కొక్కరికీ కొత్తది. "పని నాలుగింతలైంది, జీతం అంతే ఉంది" అని నాకు వినపడేలా అంటుంది.

పదింటికి కుర్చీ సిద్ధం చేసి, చేతులు కడుక్కుని, గుమ్మం వైపు చూస్తూ నిలబడతాను. పదింపావు దాకా అంతే. తర్వాత రెండో నంబరుని పిలుస్తాను. మొదటి వారం ఆశ ఉండేది. రెండో వారం చెప్పుల చప్పుడు వినగానే, ఇది ఆమెది కాదు అని చెప్పేయగలిగేవాణ్ణి. తప్పులు చేసినవాడికి ఎదురుచూడ్డం కంటే తగిన శిక్ష లేదు. పదిహేను నిమిషాల కోసం మిగతా రోజంతా బతకడం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో తెలిసింది. పదిహేడు రోజులు అలా గడిచాయి.

పద్దెనిమిదో రోజున వచ్చింది. పదికి రెండు నిమిషాలు తక్కువ. ఎడమ బుగ్గ వాచి కన్ను దాకా పాకింది. చేతిలో అట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది ఇంకా చెల్లుతుందా అండీ?" అంది.

"చెల్లుతుంది" అన్నాను.

సిస్టరమ్మ ఫారం ఇచ్చింది. జబ్బులున్నాయా అన్నచోట వదిన పెన్ను ఆగింది. తల ఎత్తి బెంచీల వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత రాసింది, పూర్తిగా, అదే గుండ్రటి రాతతో. సిస్టరమ్మ చదివి, "రా అమ్మా, కుర్చీలో కూర్చో" అంది, రోజూ పొద్దున అందరితో అన్నట్టే.

వాడే మందులు అడిగాను, బీపీ చూశాను, పోయిన నెల రక్తపరీక్ష కాగితాలు చూశాను. అన్నీ బాగున్నాయి. ఒక్క జత గ్లౌజులు వేసుకున్నాను. ఆమె అవి చూసి, రెండో జత కోసం ఒక్క క్షణం ఎదురుచూసింది. అది నాకు కనిపించింది.

"ఎర్ర మూత డబ్బా ఏదండీ?"

"దాన్లో సిస్టరమ్మ పిన్నీసులు దాచుకుంటోంది."

వాచిన బుగ్గతోనే కొంచెం నవ్వింది. ఎక్స్‌రే తీశాను. ఆరేళ్ళ కిందట ఆవగింజంత ఉన్న పుచ్చు పంటిని వేర్ల దాకా తినేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనే. దాచాలనిపించలేదు.

"తీసేయాలి వదినా. ఆ రోజైతే నిలిచేది. ఇది నా వల్ల పోతున్న పన్ను."

ఆమె పైకప్పు వైపు చూస్తూ, "నొప్పి పుడుతుందా?" అంది. గడప మీద కూర్చుని నేను ఇరవైసార్లు అడిగిన ప్రశ్న అది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఆగాను. పెదవి మొద్దుబారిందంది. పన్ను చుట్టూ చిగురు విడదీసి, మెల్లగా కదిలించాను. వేరు పట్టు వదిలింది. పటకారు బిగించాను. ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయింది.

"వదినా, కళ్ళు మూసుకో. మూడు లెక్కపెట్టాకే లాగుతాను. అప్పటిదాకా ఊరికే పట్టుకుంటానంతే."

ఆమె ఉలిక్కిపడి నా మొహంలోకి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. వేళ్ళు వదులయ్యాయి.

"ఒకటి" అన్నాను. "రెండు."

పన్ను పళ్ళెంలో పడింది.

దూది గట్టిగా మడిచి గుంటలో పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకో. అరగంట మాట్లాడకూడదు" అన్నాను. రోజుకి పదిసార్లు చెప్పే మాటే. చెప్పాక గానీ తెలియలేదు, ఆరేళ్ళుగా ఎవరి నోటిమాట కోసం కాచుకున్నానో ఆ నోరు నా చేత్తోనే మూసేశానని.

బయట రెండో నంబరాయన దగ్గాడు. మూడో నంబరావిడ టైమెంతయిందని పైకే అడిగింది. సిస్టరమ్మ గుమ్మంలోంచి కళ్ళతోనే నన్ను కేకలేసింది. నేను స్టూలు లాక్కుని వదిన పక్కన కూర్చున్నాను. లేచే ఉద్దేశం లేదు. ఆమె ఎడమ కన్ను చివర నీళ్ళున్నాయి. మత్తులో నొప్పి తెలియదు, కాబట్టి అవి పంటివి కావు.

కాసేపటికి ఆమె నా జేబులోని పెన్ను వైపు వేలు చూపించింది. ఇచ్చాను. బల్ల మీది ఒకటో నంబరు అట్ట తీసుకుని, వెనక్కి తిప్పి, ఒళ్ళో పెట్టుకుని ఏదో రాసింది. నా చేతిలో పెట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుని, దూది కొరికి పట్టుకుంది.

"మూడన్నావు కదరా, దొంగా."

ఆ అట్ట తిరిగిమ్మని సిస్టరమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఇవ్వలేదు. మా క్లినిక్‌లో నంబర్లు రెండు నుంచే మొదలవుతాయి.